రొట్టెలు పడుకున్న మంచం

చలికాలం సెలవులంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. ఊరంతా ముసుగుతన్ని పడుకునే రోజుల్లో చీకటితో లేచి పొయ్యి రాజేసేవాణ్ణి నేను. ఎనిమిదో క్లాసు సగంలో బడి మానేసి రొట్టెల పనిలో చేరాను. అప్పట్నుంచి సెలవంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే: నలుగురు కూర్చుని తినడానికి నేను నిలబడి రెండింతలు పని చెయ్యడం. పైగా వచ్చినవాళ్లు చేతులు రుద్దుకుంటూ, "మీకేమండీ, హాయిగా పొయ్యి పక్కన ఉంటారు" అంటారు. ముఖం మాడుతుంటే వీపు గడ్డకట్టడం హాయి అయితే, నిజమే, హాయిగానే ఉంటాను.

మా కొట్టు కింద, ఇల్లు పైన. ఇటుకల పొయ్యి. దాని పొగగొట్టం మేడమీద ఒక గది గోడలోంచి పైకి పోతుంది. ఆ గోడకి వీపు ఆనిస్తే ఎంత చలిలోనైనా ప్రాణం లేచొస్తుంది. ఆ గది మా అత్తగారిది. మోకాళ్ల నొప్పులని చెప్పి, మా ఇంటికి వచ్చిన మొదటి చలికాలమే మంచం ఆ గోడకి జరిపించుకుంది. నేనూ నా భార్యా వీధివైపు గదిలో, కిటికీ సందుల్లో పాతబట్టలు కుక్కుకుని పడుకుంటాం. కట్టెలు మోసేది నేను, పొయ్యి ఎగదోసేది నేను, ఆ వేడికి కాళ్లు చాపుకునేది ఆవిడ. ఈ మాట నా భార్యతో చాలాసార్లే అన్నాను. మా ఇంటి గోడలు పల్చన. ఆవిడకి వినబడకపోయే అవకాశం లేదు.

ఎదురుగా ఈమధ్య ఒక పెద్ద కొట్టు వెలిసింది. ఫ్యాక్టరీ రొట్టె, తళతళలాడే కవరులో, ముక్కలు కోసి మరీ ఇస్తారు. జనం మెల్లగా అటు జారుకుంటున్నారు. దాని యజమాని ఒకరోజు నన్ను పిలిచి, గోడౌన్లో మూటలు మొయ్యడానికి మనిషి కావాలి, వస్తావా అని అడిగాడు. కోపం రాలేదు, అలసటే వచ్చింది.

"ఈ సెలవులకి జనం మన రొట్టె పట్టుకెళ్లారా, సరే. లేదా, పొయ్యి ఆర్పేసి మూటలు మోసుకుంటా" అని నా భార్యతో తెగేసి చెప్పాను. "ఆ తర్వాత మీ అమ్మ గోడ చల్లబడిందని నన్ననొద్దు."

సెలవుల ముందురోజు తెల్లవారేసరికి వీధి మొత్తం గాజుపూత పూసినట్టుంది. రాత్రి కురిసిన వాన పడ్డచోట పడ్డట్టే గడ్డకట్టింది. చెట్ల కొమ్మలు, సైకిలు హ్యాండిళ్లు, తలుపు గొళ్లాలు అన్నీ మెరుస్తున్నాయి. చూడ్డానికి అందంగానే ఉంది, కాదనను. ఆ బరువుకే కరెంటు తీగలు తెగాయి.

పిండి పొంగడానికి కొట్టు వెనక చిన్న గది ఉంది. రేకు అచ్చుల్లో పిండి సర్ది, లోపల కరెంటు హీటరు పెట్టి తలుపు మూస్తే, పిండి తన మానాన తను పొంగుతుంది. ఆ పొద్దున హీటరు చచ్చి కూర్చుంది. పిండి ముట్టుకుంటే రాయి. సాయంత్రానికి రొట్టెలు కావాలని వీధిలో సగం ఇళ్లవాళ్లు ముందే చెప్పి ఉన్నారు.

ఇక్కడే నేను తొందరపడ్డాను. కొన్ని అచ్చులు తెచ్చి పొయ్యి నోటికి దగ్గరగా పేర్చాను. నిప్పు సెగకి పై పొర ఎండి అట్టకట్టి, బీటలు వారింది. లోపల మాత్రం చల్లగా అలాగే ఉంది. రొట్టెల పనివాడికి ఇంతకన్నా సిగ్గుచేటు లేదు.

నా భార్య ఒకదాన్ని వేలితో నొక్కి చూసింది. "ఏమండీ, ఇవి ఇక లేవవు. మిగతావాటి జోలికి పోకండి, మీకు పుణ్యం ఉంటుంది."

ఎదుటి కొట్లో జనరేటరు మొదలైంది. లైట్లు వెలిగాయి. రొట్టెలు పొయ్యిలోకి తోసే కర్రపార మూలకి విసిరేశాను.

"అయిపోయింది. పొయ్యి ఆర్పేస్తున్నా."

మెట్ల పైనుంచి మా అత్తగారి గొంతు. "అల్లుడుగారూ, ఆర్పే ముందు ఓసారి పైకి రండి. ఇన్నేళ్లూ మీరు కన్నేసిన గది ఖాళీ చేశాను."

వెళ్లి చూద్దును కదా, పరుపు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. తన రగ్గులు, శాలువలు, కప్పుకునే బొంత అన్నీ మడతపెట్టి పక్కన పెట్టింది. తను గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"అచ్చులన్నీ తెచ్చి ఇక్కడ సర్దండి. పైన గుడ్డ వేసి, ఇవన్నీ కప్పండి. ఈ గోడ సంగతి నాకు తెలుసు. ఒళ్లు కాల్చదు, అలాగని వదిలెయ్యదు."

"మరి మీరెక్కడుంటారు?" అన్నాను.

"కింద, కొట్లో. పిండీ చంటిపిల్లే, పడుకోబెట్టాక గదిలో మనిషి మసలకూడదు. తలుపు వేశామంటే మళ్లీ తియ్యకూడదు."

"అక్కడ వీధి తలుపు తీసే ఉండాలమ్మా. నీ మోకాళ్లో?" అంది నా భార్య.

"మోకాళ్లు ఎక్కడికి పోతాయే? నాతోపాటే కిందకి వస్తాయి."

మెట్టు మెట్టుకీ కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని దిగింది. చెయ్యి అందించబోతే, "మీరు పిండి మొయ్యండి, నేను తర్వాత" అంది. ఒంటి మీద పాత స్వెట్టరు తప్ప ఏమీ లేదు. శాలువతో సహా అన్నీ పిండికే ఇచ్చేసింది. నా కోటు ఇస్తే తీసుకోలేదు. అది కూడా మంచం మీదే కప్పమంది.

నేను పొయ్యి దగ్గర కట్టెలు సర్దుతూ ముందు కొట్లో మాటలు వింటున్నాను. మొదట పక్కవీధి టైలరు వచ్చాడు.

"అమ్మా, రొట్టెలేవి?"

"పడుకున్నాయి నాయనా."

"పడుకోవడమేంటండీ?"

"సెలవులు కదా, వాటికి మాత్రం ఉండదా? లేవగానే నీకే మొదట. నువ్వు మాత్రం జాకెట్టు చెప్పిన రోజున ఎప్పుడిచ్చావు? కూర్చో."

టైలరు గోడవారి బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత బస్సు డ్రైవరు. "నాకు టైము లేదమ్మా, ఎదుటి కొట్లో తీసుకుపోతాలే" అన్నాడు.

"తీసుకుపో. ఆ రొట్టె ఎప్పుడు పుట్టిందో దానికే తెలీదు. నువ్వు బస్సాపి హారను కొట్టినప్పుడల్లా మా అల్లుడు చేతిలో పని పారేసి పరిగెత్తుకొచ్చి నీ చేతికిస్తాడు. ఇవాళ ఒక్కసారి ఆయన కోసం నువ్వాగలేవూ?" అని, కాస్త గొంతు తగ్గించింది. "మా అల్లుడి నోరు చేదే గాని బాబూ, చెయ్యి మంచిది."

నేను చేతిలో కట్టె కింద పెట్టాను. ఆవిడ మా ఇంట్లో ఉన్న ఇన్నేళ్లలో ఆ మాట నా ముందెప్పుడూ అనలేదు. అంటే వినేంత తీరిక నాకున్నట్టూ గుర్తు లేదు.

కొట్టుకీ పొయ్యికీ మధ్యనున్న తెర పక్కకి జరిపి చూశాను. వీధిలోంచి గాలి కత్తిలా వస్తోంది. కాళ్లు గల్లాబల్ల కింద ముడుచుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. పెదాలు నల్లబడ్డాయి. చలికి తల వణుకుతోంది. ఆ వణుకుని కూడా వృథా పోనివ్వలేదు, వచ్చినవాళ్ల మాటలకి అవునవునని తలూపుతున్నట్టు వాడుకుంటోంది. బస్సు డ్రైవరు గోడవారి బల్ల మీద టైలరు పక్కనే కూర్చుని ఉన్నాడు. వాళ్ల వెనక ఇంకా జనం. ఒక్కరూ ఎదుటి కొట్టు వైపు కదల్లేదు.

మధ్యాహ్నం దాటాక నా భార్య మెట్ల మీదినుంచి చెయ్యి ఊపింది. తలుపు తీస్తే గదంతా తియ్యటి పులుపు వాసన. మంచం మీద బొంత, కింద మనిషి ఉన్నట్టే ఎత్తుగా లేచింది. కోటు తీసి, రగ్గులు తీసి, గుడ్డ తొలగించాను. అచ్చు అంచులు దాటి, పసిపాప బుగ్గల్లా పొంగి ఉన్నాయి. వేలితో నొక్కితే సొట్ట నెమ్మదిగా పూడుకుంది. ముప్ఫై ఏళ్ల నా పనిలో అంత చక్కటి పిండి చూడలేదు. నా మెచ్చుకోలు నా పనితనానికి కాదు, ఆ మంచానికి.

చీకటి పడకముందే ఆఖరి రొట్టె కూడా వెళ్లిపోయింది. డ్రైవరు వేడిరొట్టె చంకలో పెట్టుకుని, "చలికాలమంతా ఇలాగే పట్టుకుపోతానమ్మా" అని నవ్వుతూ పోయాడు. నేను పాడుచేసిన వాటి పైపెచ్చు కోసేసి కాల్చి ఇంట్లోకి ఉంచుకున్నాం. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు తగ్గింది" అంది.

లేవబోతే మాత్రం మోకాళ్లు మాట వినలేదు. ఈసారి చెయ్యి అందిస్తే కాదనలేదు. నేనూ నా భార్యా చెరో పక్కా పట్టి పైకి తీసుకెళ్లాం. పొయ్యిలో కాచిన రెండు ఇటుకలు తెచ్చి, గుడ్డ చుట్టి మోకాళ్ల కింద పెట్టాను. బొంత అంచులు చుట్టూ దోపాను.

"ఏంటి నాయనా, నేనేమన్నా పిండినా ఇలా మూట కడుతున్నావు?" అంది. అల్లుడుగారూ లేదు, మీరూ లేదు.

మర్నాడు సెలవు. కొట్టు మూత. చీకటితోనే మెలకువ వచ్చింది. కిందకి దిగి పొయ్యి రాజేశాను. నా భార్య కళ్లు నులుముకుంటూ వచ్చింది.

"ఇవాళ రొట్టెల్లేవుగా. ఎందుకు?"

"గోడ కోసం."

పల్చటి గోడలు కదా, పైనుంచి వెంటనే వచ్చింది గొంతు. "కట్టెలు దండగ నాయనా!"

"మీరు పడుకోండత్తయ్యా" అని అరిచాను. "పొంగాక మేమే లేపుతాం."

"పొంగే వయసా నాది!" అని నవ్వింది. ఆ నవ్వుకి దగ్గొచ్చింది, దగ్గుకి మళ్లీ నవ్వొచ్చింది. నేను ఇంకో కట్టె వేశాను.