బొట్టుబిళ్లంత నీడ

వీరేశం అద్దం చట్రాన్ని ఎండకు తిప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 1997 మే నెల. కరెంటు పోయి ప్రింటు యంత్రం ఆగితే కొండాపూర్ సైటు ఆఫీసుకు ఎండే దిక్కు. అద్దం కింద ప్లాను గీసిన ట్రేసింగ్ కాగితం, దాని కింద పసుపు పూత పూసిన కాగితం. నూట ఇరవై కాగానే పూత కాగితాన్ని అమ్మోనియా పెట్టెలో వేశాడు. కళ్లు మండాయి. ఇరవై ఆరేళ్లుగా మండుతున్నాయి.

కాగితం తెల్లగా, నీలి గీతలతో బయటికి వచ్చింది.

ప్రింటు కోసం నిలబడిన జయంతి కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగనిది ఆమెను అడిగాడు.

"ఈ నీలం ఏడికెల్లి వస్తది మేడం?"

"పసుపు పూతలో కంటికి కనపడని అణువులుంటాయండి. ఎండలో కూడా కనపడని వెలుగొకటుంది, అతినీలలోహితం. అది తగిలితే అణువు విరిగిపోతుంది. అందులోని నత్రజని గాల్లో కలిసిపోతుంది. ఇక దానికి అమ్మోనియా తగిలినా రంగు రాదు. గీత నీడలో దాక్కున్నవే మిగులుతాయి. వాటికే నీలం."

"అంటే గీతలు నేను దించుతలేను."

"లేదండి. మిగతాదంతా ఎండ విరగ్గొడుతోంది."

వీరేశం తెల్లని భాగాన్ని వేలితో తడిమాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

"గీ కాగితంల ఎన్ని ఇరిగి ఉంటయి?"

"భూమ్మీది జనం కంటే ఎక్కువే."

"సప్పుడన్న లేకపాయె," అన్నాడు.

ఆ ప్లానులో ఏడో పిల్లరు ఉన్నచోట ఒకప్పుడు బావి ఉండేది. వీరేశం అందులోనే ఈత నేర్చాడు. భూమి అమ్మేముందు చెత్త పోసి పైన మట్టి కప్పారు. సైటు చూసే భీమేశ్వరరావుకు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

"ప్లానులో ఉందా? లేదుగా. వెళ్లి ప్రింట్లు తియ్యవయ్యా."

రేపు అక్కడ గుంత తవ్వడానికి దిగేది లచ్చమ్మ కూలి ముఠా.

గీయనిది ఎండకు మిగలదు. పూత కాగితాలు చుట్టి వచ్చే నల్ల కాగితంలోంచి వీరేశం బొట్టుబిళ్లంత ముక్క కత్తిరించాడు. ట్రేసింగ్‌ మీద ఏడో పిల్లరు దగ్గర దాన్ని పెట్టి, అద్దం మూసి, నూట ఇరవై లెక్కపెట్టాడు.

నాలుగింటికి భీమేశ్వరరావు ప్రింటు పట్టుకుని వచ్చాడు. "ఈ చుక్కేంటయ్యా? ట్రేసింగ్‌లో లేదే?"

"బాయి సార్. ఇప్పుడు ప్లాన్ల ఉన్నది."

భీమేశ్వరరావు జయంతి వైపు చూశాడు.

"ఓసారి చువ్వ దింపి చూద్దామండి," అందామె.

నాలుగడుగుల దాకా చువ్వ సమ్మెట దెబ్బకు గానీ దిగలేదు. ఆ తర్వాత లచ్చమ్మ చేతుల్లోంచి జారి మొత్తం లోపలికి పోయింది. కాసేపటికి అడుగున ఎక్కడో ఠంగుమంది.

"ఓ వీరేశన్నా! రేపు నన్ను ఇందులనే బొంద పెడుదురు గద!"

"నీ నోటికి బాయే పారిపోతుండె, తియ్."

పిల్లరు జరపమని భీమేశ్వరరావు రాసిచ్చాడు. వీరేశం సైకిలెక్కి ఇంటికి పోయాడు.

మర్నాడు రాలేదు. నిద్రలోనే పోయాడని పదింటికి కబురు వచ్చింది.

జయంతి ప్రింటు గది తలుపు తీసింది. కిటికీలో అద్దం చట్రం ఉంది. అందులో అతను మరిచిపోయిన పూత కాగితం ఒకటి, దాని మీద నల్ల బిళ్ల. పొద్దుటి ఎండకు కాగితమంతా తెల్లబడింది. ఆమె అద్దం ఎత్తి బిళ్లను తీసింది. కింద గుండ్రంగా పసుపు. దాని మీద ఎండ పడింది. చూస్తుండగానే పలచబడసాగింది.

నల్ల బిళ్లను మళ్లీ దాని మీదే పెట్టి, అద్దం మూసింది.