లంక పర్మిట్

భవానీపురం రేవులో పాతికేళ్లుగా పడవ నడిపిన బసవయ్య ఆ ఏడు ఒడ్డున కూర్చోవాల్సి వచ్చింది. నది నడుమనున్న లంక సర్కారుది. షికారు జనాన్ని అక్కడికి తీసుకెళ్లి చూపించాలంటే ఇకమీదట పర్మిట్ ఉండాలన్నారు. ఆ డెబ్భై నాలుగో సంవత్సరంలో ఇచ్చింది ఒక్కటే. అది బాలశౌరికి దక్కింది.

బాలశౌరికి తెడ్డు పట్టడం నేర్పింది బసవయ్యే. కానీ బాలశౌరి భార్య మార్త మిషన్ స్కూల్లో చదువుకుంది. అర్జీ రాసి, గడువులోగా ఆఫీసులో ఇచ్చి వచ్చింది. బసవయ్యకు గడువు సంగతి తెలిసేసరికే అది దాటిపోయింది.

ఆదివారం వస్తే బాలశౌరి పడవ కిటకిటలాడేది. అతని కబుర్లకు జనం నవ్వే నవ్వులు ఒడ్డుదాకా వినిపించేవి. అవి విన్న రోజు బసవయ్యకు అన్నం సయించేది కాదు. చివరికి కోర్టు దగ్గర అర్జీలు రాసే ఆయన చేత ఆకాశరామన్న ఉత్తరం రాయించాడు: పన్నెండు మందికి పర్మిట్ ఇస్తే ఇరవై మందిని ఎక్కిస్తున్నాడని.

అది అబద్ధం కాదు. ఆ తర్వాతి ఆదివారమే ఆఫీసరు రేవుకు వచ్చి తలలు లెక్కపెట్టాడు.

"ఏమయ్యా, ఇదేంటి?"

"తప్పేనండీ," అన్నాడు బాలశౌరి, ఒడ్డున కూర్చున్న బసవయ్యను చూపిస్తూ. "ఉన్నది ఒక్క పడవాయె, అందరూ నా మీదే పడతన్నారండీ. ఈ బసవయ్యన్నకి నాకన్నా బాగా తెలుసండీ నది. ఆయనక్కూడా ఓ పర్మిట్ ఇప్పించండి."

ఆఫీసరు బాలశౌరి పర్మిట్‌ను నెల రోజులు ఆపేశాడు. మరో మూడు పడవలకు అర్జీలు పెట్టుకోమన్నాడు. బసవయ్య అర్జీ మార్తే రాసింది. ఆమె ముఖం చూడలేక తల వంచుకునే వేలిముద్ర వేశాడు.

ఆ నెల తిరక్కముందే బసవయ్యకు పర్మిట్ వచ్చింది. మొదటి రోజే పడవెక్కినవాళ్లు అడిగారు: "బాలశౌరి రాలేదా? భలే చెబుతాడు!"

బసవయ్యకు అసూయ మళ్లీ రేగింది, తన అర్జీ రాసిన మార్త గుర్తొచ్చి సిగ్గూ వేసింది. సాయంత్రం తిన్నగా బాలశౌరి ఇంటికి వెళ్లాడు.

"ఆ ఉత్తరం రాయించింది నేనేరా."

బాలశౌరి బాగుచేస్తున్న వలను పక్కన పెట్టాడు.

"కష్టంగానే ఉందన్నా," అన్నాడు. "అయినా అంతమందిని ఎక్కించింది నేనేగా."

"ఈ ఆదివారం నా పడవలోకి రా. నేను తెడ్డేస్తా, నువ్వు చెబుదువుగాని."

బాలశౌరి వచ్చాడు. జనమంతా అతని వైపే తిరిగి కూర్చున్నారు. వాళ్ల వీపులు చూస్తూ తెడ్డు వేశాడు బసవయ్య. అసూయ పోలేదు. సుడి ఎక్కడుందో, ఏ పాయ ఎప్పుడు ఎండుతుందో ఒక్కరైనా తనను అడిగితే బాగుండునని లంక చేరేదాకా అనిపిస్తూనే ఉంది.