ఎవరిదీ కాని పిలుపు

మధ్యాహ్నం రెండయ్యేసరికి హిందీ మాట్లాడే కోహ్కాలోని ఆ ఇల్లు కూలరు హోరులో తేలిపోతున్నట్టుండేది. పచ్చ పరదాల్లోంచి దిగిన వెలుగు గచ్చు మీద నీళ్ల మడుగులా కదిలేది. రజనీకుమారి అందులో కాళ్లు చాపుకుని బియ్యం ఏరుతూ కునుకు తీస్తుండగా బెల్లు ట్రింగుమంది.

చేట ఒరిగిపోయింది. ముందు అత్తగారి గదికి పరిగెత్తింది. జోగమ్మ నిద్రపోతోంది. పిలవడానికని మంచానికి కట్టిన మీట మీద ఆవిడ చెయ్యి లేదు. ఎందుకైనా మంచిదని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గేటు దాకా వెళ్లింది. ఎండ తప్ప ఎవరూ లేరు.

"పొద్దుట్నుంచి పదకొండోసారే శ్రుతీ. ఏటో కీడు నాకు తెలుస్తంది."

"అరే మమ్మీ, నీకు కుక్క తుమ్మినా కీడే కదా!" అంది కూతురు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

ఆ బెల్లు మోగించే పిలుపు డబ్బా శ్రుతి తయారుచేస్తున్నదే. కంపెనీకి ఇచ్చేముందు ఇంట్లో పెట్టి చూస్తోంది. గేటు బెల్లూ, మామ్మ మీటా ఒకే తీగ మీద ఉన్నాయి.

"పిలుపు రాగానే డబ్బాలో అన్నిటినీ నడిపే కెర్నల్ ప్రోగ్రాం చేస్తున్న పని వదిలేసి లేస్తుంది. గేటు చూసుకునే చిన్న ప్రోగ్రాంని నీదా అంటుంది, మామ్మ మీట చూసుకునేదాన్ని నీదా అంటుంది. ఇద్దరూ కాదంటే అది ఎవరిదీ కాదు. అలాంటివాటిలో ఎక్కడో ఒకటి తప్పించుకుని బెల్లు దాకా వస్తుంది. నీకు వినబడ్డవి పదకొండే, లోపల లక్ష వచ్చాయి. లేచి లేచి దానికి ఇంకో పని సాగట్లేదు. అందుకే ఆ తీగని బంద్ చేసేస్తున్నా. ఇలాంటప్పుడు అందరూ చేసే దస్తూర్ అదే."

"బందు చేస్తే, మీ మామ్మ నిజంగా నొక్కితేనో?"

శ్రుతి చేతులాగాయి. "వినబడదు. అదే గడ్‌బడ్."

రజనీకుమారి చెదిరిన బియ్యం చేటలోకి ఎత్తుకోసాగింది. కొత్తగా కాపురానికొచ్చినప్పటి క్వార్టరు కళ్ల ముందు తేలింది. నాలుగిళ్లకి ఒకటే ఇనుప గేటు. గేటు గలగలమంటే నాలుగు గుమ్మాల్లోంచీ నలుగురు ఆడవాళ్లు, "మీకేనా?" "మాక్కాదమ్మా!" అని కేకలేసుకునేవారు. తీరా చూస్తే ఆవు, మెడ రుద్దుకుంటూ. విసిగిపోయి ఒకనాడు గేటుని తాడుతో బిగించేశారు. ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా నిద్రపట్టిందో! ఆ హాయిలోనే టెలిగ్రాం మనిషి వచ్చి, గేటు కదలక వెనక్కి వెళ్లిపోయాడు. టెక్కలిలో నాన్నకి బాగాలేదన్న కబురు మర్నాడు అందింది. రైలెక్కేసరికే ఆలస్యమైపోయింది.

ఆ మాటే కూతురికి చెప్పింది. "గేటు కట్టడం తప్పు కాదే. ఆవుతో రోజంతా ఎవులు వేగుతారు? కట్టేసినోళ్లం మజ్జమజ్జన లేచి తొంగిచూడలేదు. అదే తప్పు."

శ్రుతి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "తొంగిచూడ్డం..." అని, మళ్లీ టకటకా కొట్టసాగింది. తీగ పిలుపులు మూసేసింది. బదులుగా పది సెకండ్లకోసారి కెర్నలే స్వయంగా వెళ్లి గేటునీ, మామ్మ మీటనీ, నువ్వేమైనా పిలిచావా అని అడిగి రావాలని రాసింది.

కూలరు హోరు తప్ప ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో రజనీకుమారి ఇంకా చెవులు రిక్కించుకునే కూర్చుంది. అయినా కూలరు గాలికి రెప్పలు వాలాయి. కలలో ఆ ఆవు వచ్చింది. తాడు కట్టిన గేటుకి అవతల నిలబడి, మెడ రుద్దకుండా, ఊరికే ఆమెవైపు చూస్తోంది. గేటు దగ్గరికి వెళ్లాలి, కాళ్లు లేవడంలేదు.

ట్రింగ్.

కలలోంచే లేచి పరిగెత్తినట్టయింది. జోగమ్మ కళ్లు తెరిచి ఉంది, వేలు మీట మీదే ఉంది.

"దాహమేస్తంది కోడలా. నొక్కి, ఏడు లెక్కెట్టేసరికి మోగింది. నీ కూతురి డబ్బా నీకంటే నయం."

రజనీకుమారి నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఆవిడకి నీళ్లు తాగించింది. గ్లాసు పట్టుకుని అలాగే గేటు దాకా వెళ్లింది. ఎవరూ లేరు. తొంగిచూసి వచ్చింది.