బావగారు కొట్టిన గాలి

మా బావగారు టైర్లలో గాలి దిగుతోందో లేదో ఉమ్మితో చూస్తారు. వేలు నాలుక మీద రాసి, ఆ తడిని వాల్వు మీద పులిమి, బుడగ లేస్తుందేమోనని వంగి చూస్తారు. ఆ తర్వాత అదే వేలితో పళ్ళు కుట్టుకుంటారు. రోజూ పొద్దున్నే నాకు ఈ దర్శనం.

ఆయన మా ఆయనకి అన్న. చుట్టపుచూపుగా వచ్చి పాతుకుపోయారు. బండి నాది. నాకు ఒక కాలు సరిగా నిలవదు కాబట్టి, మోటారు సైకిలుకి వెనక రెండు పాత కారు చక్రాలు పెట్టించుకున్నాను. పెట్టెలో కోడిగుడ్లు వేసుకుని బేకరీకి చేరుస్తాను. ఆ ఒక్క బేకరీయే నా బతుకుతెరువు.

ఆయన గాలి కొట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ గుడ్లు పగులుతున్నాయి. మూత తీస్తే నీచు వాసన గుప్పుమంటుంది. ఎంత కడిగినా మూలల్లో సొన గడ్డకట్టి ఈగలు ముసురుతాయి. అన్నం తినబోతే చేతులదీ అదే వాసన, డోకు వస్తుంది.

"గుంతలు చూసుకుని నడపాలమ్మా" అంటారు బావగారు. "అన్నయ్య చెప్పింది విను" అంటాడు మా ఆయన. అన్న తానా అంటే తమ్ముడు తందానా. బేకరీ ఆవిడ మాత్రం నిన్న తేల్చి చెప్పేసింది, "రేపు కూడా పగిలితే ఇంకొకరిని చూసుకుంటాను" అని.

ఇవాళ బావగారు లేవకముందే గాలి కొలిచే గేజు పెట్టి చూశాను. వెనక రెండింట్లోనూ నలభై నాలుగు. ఉండాల్సింది ఇరవై. వాల్వు మూత ముట్టుకోబోతే ఆ వేలే గుర్తొచ్చింది. గుడ్డ అడ్డం పెట్టుకుని విప్పి, లోపలి పుల్ల నొక్కాను.

బుస్సుమన్న చప్పుడుకి ఆయన లేచి వచ్చారు.

"అదేంటమ్మా, గాలి తీసేస్తున్నావు? టైరు మీదే రాసుంది కదా, నలభై నాలుగని."

"అది టైరు తట్టుకునే హద్దు బావగారూ. కారుకే అంత అక్కర్లేదు, మన బండి ఇంకా తేలిక. ఇంత బిగిస్తే ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది. గుడ్లు పగలక ఏం చేస్తాయి?"

"కంపెనీవాడికి తెలియంది నీకు తెలిసిందా?" అని నవ్వి, పళ్ళు కుట్టుకుంటూ లోపలికి పోయారు.

రెండు చక్రాల్లోనూ సమానంగా ఇరవైకి దించి, ముందు చక్రం కూడా చూసుకుని బయల్దేరాను. బండి మెత్తగా పోయింది. బేకరీ ఆవిడ గుడ్ల అట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. ఎక్కడా చుక్క సొన లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఈ మధ్య కూడా ఇలాగే తెచ్చుంటే బాగుండేదమ్మా. నిన్న సాయంత్రం మీ బావగారు వచ్చారు. తన మరదలికి బండి నడపడం రాదనీ, రేపటి నుంచి తనే తెస్తాననీ అన్నారు. పెద్దాయన కదాని మాటిచ్చేశాను."

"బండి నాది కదండీ."

"మీ ఆయన కూడా పక్కనే ఉన్నారమ్మా."

ఇంటికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మా ఆయన తల ఎత్తలేదు. బావగారు చెయ్యి చాపారు.

"తాళం ఇలా ఇవ్వమ్మా. నీ మంచికే."

ఆ వేలు ఇంకా తడిగానే ఉంది. నాకు ఆ వేలు కన్నా, నేల చూపులు చూస్తున్న మా ఆయన్ని చూస్తే ఎక్కువ అసహ్యం వేసింది. చేతికి చెయ్యి తగలకుండా తాళం, గాలి పంపు, పెట్టె కడిగే గుడ్డ గడప మీద పెట్టాను.

"గాలి మీరే కొట్టుకోండి బావగారూ. టైరు మీద రాసుందిగా, అంతే కొట్టండి."

గేజు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.