గుండీ నడక

"గడ్డం కొంచెం దించండి. కదలకండి."

స్టూలు మీద కూర్చున్న బ్యాంకు గుమాస్తా ఊపిరి బిగబట్టాడు. ఫోటోలాయన నాలుగు తీసి, వాటిలో మంచిది ఒకటి ఉంచి, మూడు చెరిపేశాడు. ముప్పై రెండేళ్ళుగా అదే పద్ధతి. మనిషికి ఒక మొహం చాలు, మిగతావి దండగ అని ఆయన నమ్మకం. వీధిలో అందరూ ఆయన్ని వెనకాల "కదలకండిగారు" అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

గుమాస్తా వెళ్ళగానే స్టూడియో తలుపు దగ్గరగా వేసి వెనక గదిలోకి వెళ్ళాడు. కిటికీ పక్క మంచం మీద ఆయన అక్క ఉంది. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి కుట్టి వేళ్ళు వంకరపోయిన మనిషి. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆ వేళ్ళతోనే సాకింది. ఇక మందులు పనిచేయవని డాక్టరు మొన్ననే తేల్చేశాడు. పక్కనున్న జిరాక్స్ షాపావిడ ఫోన్లో, ఒక చెంచా తనంతట తాను నడిచే వీడియో చూసినప్పటి నుంచీ అక్కది ఒకటే పట్టు.

"జన్మంతా గుండీలు కదలకుండా కుట్టానురా. ఒక్కదాన్ని నడిపించు, చూసిపోతాను."

ఉపాయం జిరాక్స్ షాపావిడే చెప్పింది. గుండీని నువ్వుగింజంత జరపాలి, చెయ్యి తీసెయ్యాలి, ఫోటో తీయాలి. అలాంటివి పన్నెండు కలిపితే ఒక సెకను. కదలని ఫోటోలు పోగేస్తే కదలిక ఎక్కణ్ణుంచి వస్తుందో ఆయన బుర్రకెక్కలేదు. అయినా మంచం పక్కన చిన్న బల్ల వేసి, కెమెరా స్టాండుకి బిగించి, నీలం గుండీని జరుపుతూ నూట ఇరవై తీశాడు. నడుం పట్టేసింది. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అలవాటు పడ్డ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

మధ్యాహ్నం జిరాక్స్ షాపావిడ వచ్చి చూసింది.

"ఒక్కటే ఉందేంటి సార్? మిగతావేవి?"

"అన్నీ ఒకేలా ఉంటే తీసేశానమ్మా."

"ఆ తేడాలే కదా సార్ నడకంటే."

ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. అక్క ఊపిరి పొద్దున్నకంటే బరువుగా వినిపిస్తోంది. జరిగింది చెబితే ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

"జరపడం నాకొదిలెయ్. నువ్వు నొక్కు."

తలగడలకి ఆనించి కూర్చోబెట్టాడు. ఆమె వంకరవేలితో గుండీని నెట్టింది. కానీ చెయ్యి తీయలేదు.

"చెయ్యి తియ్యక్కా. ఫోటోలో పడుతోంది."

"తీశాగా."

తీయలేదు. కోప్పడాలో ఊరుకోవాలో తోచక ఆయన నొక్కుతూనే ఉన్నాడు. కిటికీ వెలుగు బల్ల మీద నుంచి కాస్త జరిగింది. ఎనభై నాలుగు, ఎనభై అయిదు, ఎనభై ఆరు.

"జరపక్కా," అన్నాడు. ఇంకొకటి తీశాడు. కెమెరా తెర మీద వెనక్కి తిప్పి చూశాడు. చివరి నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. ఈసారి నిజంగానే ఏ తేడా లేదు. ఎక్కడ ఆగిందో పట్టుకుందామని వాటినే ముందుకీ వెనక్కీ తిప్పుతూ, తలెత్తి అక్క మొహం వైపు చూడకుండా చాలాసేపు నిలబడ్డాడు.

జరగాల్సినవన్నీ జరిగాయి. మూడో రోజు జిరాక్స్ షాపావిడ ఆ ఫోటోలన్నీ వరసగా కలిపిపెట్టింది. ఏడు సెకన్లకి పైన వచ్చింది. గుండీ తనంతట తాను నడవలేదు. దాని వెంటే ఒక చెయ్యి, వణుకుతూ, బతికి ఉంది. చెయ్యి గుండీని నెడుతోందో, గుండీయే చేతిని లాక్కుపోతోందో ఆయనకి ఎన్నిసార్లు చూసినా అర్థం కాలేదు.

"చివర నాలుగూ ఒకటే సార్. మూడు తీసేయమంటారా?"

"వద్దమ్మా. ఒక్కటి కూడా తీయొద్దు."

బయట ఎవరో పాస్‌పోర్ట్ ఫోటో కోసం పిలిచారు. ఆయన లేచాడు. వెనక గదిలో ఖాళీ మంచం పక్కన చిన్న బల్ల అలాగే ఉంది. దాని మీద, అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో, నాలుగు చిల్లుల నీలం గుండీ.