ఆ పూటకు పెద్దమ్మ

ఆ కుచ్చిళ్లు నేను సర్దినవే, పొద్దున కింద కూర్చుని ఒక్కొక్క మడతా వేళ్లతో నొక్కి పిన్ను పెట్టింది నేనే, ఇప్పుడు చూడు, ఆ అద్దం తలుపు అవతల శిరీన్ ఎంత దర్జాగా కూర్చుందో, ఒక్క కుచ్చు చెదరలేదు, ఆమె పక్కన నా మొగుడు మన్సూర్, ఇద్దరి మధ్యలో నా కూతురు ముబీనా, చూసినవాళ్లు ముచ్చటైన సంసారం అనుకుంటారు, అనుకోవాలనే కదా తీసుకొచ్చింది, నేనేమో ఇవతల ఈ ఏసీ హాల్లో బిడ్డ వాటర్ బాటిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, తోడొచ్చిన పెద్దమ్మనట, గేటు దగ్గర వాచ్‌మన్ ఈమె ఎవరు సార్ అంటే నా మొగుడు తడుముకోనైనా లేదు, మా వదినప్పా, పాపకు పెద్దమ్మ అవుతాది, అని చెప్పి పెన్ను అందుకుని సంతకం పెట్టేశాడు, ఇన్నేళ్ల కాపురం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది, వదినంట, నీ నోట్లో మన్ను పడ.

అయినా ఎవరిని తిట్టి ఏం లాభం, ఈ స్కూలు కావాలని పట్టుబట్టింది నేను, కర్నూలు ఎండలో కూడా మెడకు టై కట్టుకుని, కోటు వేసుకుని ఆ పసుప్పచ్చ బస్సు దిగే పిల్లలను మా పరుపుల అంగడి మెట్ల మీద నిలబడి చూసినప్పుడల్లా అనుకునేదాన్ని, వాళ్లకేనా, నా బిడ్డకు లేదా, అని, నేను కోడుమూరు గవర్నమెంటు బళ్లో నేల మీద కూర్చుని పదో తరగతి దాకా చదివినదాన్ని, అదీ తెలుగు మీడియం, ముబీనాకు ఆ గతి పట్టకూడదని దర్గాలో చాదర్ కప్పుతానని మొక్కుకున్నాను, ఇంటర్నెట్ సెంటరులో అప్లికేషన్ వేయించాను, ఆధార్ జిరాక్సులు, పుట్టిన సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అన్నీ నేనే పోగుచేశాను, తీరా వాళ్లు ఫోన్ చేసి తల్లిదండ్రులిద్దరితో మాట్లాడాలి, ఇంగ్లీషులో, అన్నారు, ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు, మన్సూర్ చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు, నేనైతే అంగట్లో మాట్లాడే రెండు ముక్కలతో ఎట్లో నెట్టుకొస్తా, నువ్వు నోరు తెరిస్తే కోడుమూరు కనపడ్తాదిమే, శిరీన్‌ను తోడుకోని పోదాం, అని.

శిరీన్ అంటే నా మరిది పెళ్లాం, కడప పిల్ల, కాన్వెంటులో చదివి బీయీడీ కూడా చేసింది, మా అత్త దస్తగిరమ్మకు ఆ ఆలోచన ఎంత నచ్చిందో, తల్లి ఎవురైతే ఏందిమే, సీటొస్తే సాలు, మనింట్లో పిల్లోల్లు అందరి పిల్లోల్లే, అంది, అదీ నిజమే, మా ఇంట్లో ఎవరికి తీరికుంటే వాళ్లే తల్లి, ముబీనాకు టీకాలు వేయించేటప్పుడు నేను దూది పనిలో ఉంటే అత్తే పోయి తల్లినని చెప్పి వేయించుకొచ్చింది, ఆడబిడ్డ కొడుకును అంగన్‌వాడీలో నా కొడుకని రాయించింది నేను, ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు, కాకపోతే సర్టిఫికెట్టులో తల్లి పేరు నఫీసా అని ఉంది కాబట్టి శిరీన్ ఈ పూటకు నఫీసా కావాలి, అంతే, ఐ యామ్ నఫీసా, అని వంటింట్లో నా ముందే నిలబడి చెప్పి చూసుకుంది, నా పేరు ఒకరి నోట్లో అంత బాగుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

అదుగో, మేడమ్ నవ్వుతోంది, శిరీన్ ఏదో అన్నది, చెయ్యి కొంచెం తిప్పుతూ, కడప వాళ్లకు ఆ తిప్పడం ఎక్కడి నుంచి వస్తుందో, మన్సూర్ కూడా ఆమె వైపు తిరిగి నవ్వుతున్నాడు, ఆ నవ్వు చూడు, నా వైపు ఎప్పుడైనా అట్లా నవ్వాడా, నవ్వితే అంగడికొచ్చి ఎవరో కొత్త పరుపు ఆర్డరు ఇచ్చి ఉండాలి, ఇప్పుడు శిరీన్ ముబీనా చెవి వెనక వెంట్రుకలు సర్దుతోంది, ఆ జడ నేను వేశాను తల్లీ, నువ్వు సర్దే పనేం లేదు, చెయ్యి తియ్, పెళ్లై మూడేళ్లయినా కడుపు పండలేదు, నేను కని పెంచిన బిడ్డ ఊరికే దొరికింది కదా నీకు, తూ, ఏం మాటలు ఇవి నఫీసా, ఆ పిల్ల వద్దు వద్దనే అంది, అక్కా నాకు శానా బయమైతాంది, అబద్దం నా మొగంలో తెలిసిపోతాది, అని కళ్లనీళ్లు పెట్టుకుంది, గడ్డం పట్టుకుని బతిమాలింది నేను, నిజమే, కానీ అంత భయపడే మనిషి అంత బాగా ఎట్లా కూర్చుంటుంది, భయమంతా బెట్టు, లోపల ఎంత సంబరమో నాకు తెలియదా.

మీ పాపా అండీ, పక్క కుర్చీలో ముత్యాల దండ వేసుకున్న ఆమె అడుగుతోంది, కాదండీ, మా మరిది కూతురు, అన్నాను, ముక్కు అచ్చం మీదే, అంది ఆమె, ఎంత మంచి మనిషి, ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది, లోపల మేడమ్‌కు ఆ కళ్లు లేవా, ఇద్దరి ముక్కులూ చూసి కనిపెట్టొద్దూ, ఒకసారి సీటొచ్చాక ఇది ఇంతటితో పోతుందా, ప్రతి పేరెంట్స్ మీటింగుకూ శిరీనే రావాలి, యాన్యువల్ డేకు ముందు వరసలో శిరీనే కూర్చోవాలి, బిడ్డ కప్పు గెలిస్తే స్టేజీ మీదికి ఎక్కేది ఆమె, ఇంట్లో అన్నం కలిపి పెట్టేది నేను, జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది నేను, పదో తరగతి దాకా ఈ కుర్చీలో పెద్దమ్మగా కూర్చునేదీ నేనే, నోరు జారవే ముబీనా, ఒక్కసారి నోరు జారు, మా అమ్మ బయట కూర్చోనుంది మేడమ్, అని చెప్పెయ్యి, నీకేం కావాలంటే అది కొనిస్తా, అయ్యో వద్దు, వద్దు తల్లీ, సీటు పోతుంది, జాగ్రత్తగా చెప్పు, అల్లా, నా నోరు పడిపోను, ఏ తల్లైనా ఇట్లా కోరుకుంటుందా.

తలుపు తెరుచుకుంది, మేడమ్ ముందు, ఆమె వెనక వాళ్లు, అందరి మొహాల్లో నవ్వే, సీటు వచ్చినట్టే ఉంది, బొమ్మలున్న గది చూపిస్తానంటున్నట్టుంది, ముబీనా ఒక్క ఉరుకు ఉరికింది, ఇంట్లో కడప బండల మీద ఉరకడం అలవాటైన కాళ్లు, ఈ నున్నటి టైల్స్ మీద ఏం నిలుస్తాయి, నా కళ్ల ముందే బోర్లా పడింది, గడ్డం నేలకు కొట్టుకుంది, పెదవి చిట్లి రక్తం, లేచాను, బాటిల్ ఎక్కడో పడింది, బిడ్డ తలెత్తి నన్ను చూసింది, రెండు చేతులూ నా వైపు లేచాయి, సగంలో ఆగాయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆ ఏడుపులోనే అటు తిరిగి శిరీన్ వైపు చాపింది, మమ్మీ, మమ్మీ, అని.

శిరీన్ ఎత్తుకోలేదు, చేతులు కొంగులో ముడుచుకుని నిలబడిపోయింది, మొహం తెల్లగా పాలిపోయింది, అక్కా, ఎత్తుకో అక్కా, నీ బిడ్డ, ఇంగ నాతోటి కాదు, అంది, అందరి ముందూ, మేడమ్ ముందే, మన్సూర్ ఏమ్మే అని గద్దించబోయి ఆగాడు, నేను ఆ క్షణంలో బిడ్డను ఎత్తుకుని ఉంటే ఎంత బాగుండు, ఎత్తుకోలేదు, మేడమ్ మొహం చూశాను, మధ్యలో బిడ్డ రక్తం కారుతూ చేతులు చాపుకుని ఏడుస్తుంటే నేను మేడమ్ మొహంలో సీటు ఉందా పోయిందా అని వెతికాను, ఆ తరవాతే వంగి ఎత్తుకున్నాను.

పాప తల్లి ఎవరండీ, మేడమ్ అడుగుతోంది, చక్కటి తెలుగులో అడుగుతోంది, ఇంత తెలుగు వచ్చిన మనిషి ముందా మేము ఇన్ని వేషాలు వేసింది, నేనే మేడమ్, నాకు ఇంగ్లీషు రాదు, అన్నాను, అంటే ముబీనా నా మెడలో మొహం దాచుకుని తల అడ్డంగా ఊపుతోంది, వెక్కుతూ నా చెవిలో చెప్తోంది, అట్ల చెప్పగూడదు పెద్దమ్మా, సీటియ్యరు, అని, శిరీన్ నా దగ్గర నుంచి ఏదీ తీసుకోలేదు, ఆమె చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి, నేను అమ్మను కానని నా బిడ్డకు నేర్పింది నేనే.