నత్త ఎక్కిన మెట్లు

ఎనిమిదో మంచం కింద ఫినాయిల్ గుడ్డ తోస్తుండగా ఆయాకి కేక వినిపించింది. కట్లు మార్చే గదిలోంచి. ఏడో మంచం పిల్ల గొంతు అది. ఆరేళ్ల పిల్ల, వేణ్ణీళ్లు ఒలికి ఎడమ చెయ్యి భుజం దాకా కాలింది.

పది రోజులుగా కట్టు విప్పేటప్పుడు పక్కన కూర్చుని కథ చెబుతున్నది ఆయాయే. నిజానికి అది ఆమె పని కాదు. నేల తుడవడం, దుప్పట్లు మార్చడం ఆమె పని. పొట్టి మనిషి, చదువు లేదు, మెట్లెక్కితే మోకాళ్లు టకటకమంటాయి. అయినా ఇరవై ఆరేళ్లుగా ఆ పిల్లల వార్డులో నర్సుల చేతికీ ఆయా నోటికీ జోడు కుదిరిపోయింది.

ఇవాళ మాత్రం ఆమెను రావద్దన్నారు. నిరుడు ఒక మేడం వచ్చి, పని ముగిశాక ఆయాను స్టోర్ గదిలో వారం రోజులు కూర్చోబెట్టి కథలన్నీ ఫోన్లో నింపుకుపోయింది. అవిప్పుడు రంగుల బొమ్మల పుస్తకమయ్యాయి. అట్ట మీద మేడం పేరు. లోపలెక్కడో చీమతలకాయంత అక్షరాల్లో ‘ఒక ఆసుపత్రి ఆయా చెప్పగా’ అని ఉందట. చదివి వినిపించడానికి మేడమే స్వయంగా వచ్చింది.

మళ్లీ కేక. ఆయా గుడ్డను బకెట్లో పడేసి, రబ్బరు చేతితొడుగులు విప్పి, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి నడిచింది.

నర్సు ఇంకా కట్టు మూడో చుట్టు దగ్గరే ఉంది. మేడం అప్పటికే పుస్తకం మూసేసింది. ‘నత్త మెల్లగా తొమ్మిది మెట్లూ ఎక్కి చెల్లెలి పెళ్లికి చేరుకుంది.’ నత్త ప్రయాణమంతా పుస్తకంలో ఆ ఒక్క వాక్యమే.

“అప్పుడే చేరిందా?” అంది ఆయా. “నత్త గానీ బస్సెక్కిందా ఏంటి?”

ఏడుపు మధ్యలోనే పిల్లకి నవ్వొచ్చింది. ఆయా దాని కుడిచెయ్యి పట్టుకుంది.

“ఎక్కడమ్మా, మూడో మెట్టు మీదే కూలబడింది. ఏమందీ?”

“నడుం నొచ్చె, నవ్వు వచ్చె, ఇంకో మెట్టు ఎక్కవచ్చె!” అంది పిల్ల, వెక్కుతూనే.

నాలుగో చుట్టు వీడింది. గుడ్డ పుండుకు అతుక్కున్న చోట నత్త జారిపడింది. మెట్టు కట్టినవాణ్ణి తిట్టిపోసింది. గుడ్డ నీళ్లకి నానేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆఖరి చుట్టు ఊడొచ్చాకే పెళ్లింటి గుమ్మం తగిలింది. అప్పటికి చెల్లెలి కొడుక్కి పళ్లు కూడా వచ్చేశాయి.

వరండాలో మేడం ఆమెను ఆపింది. “ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందని తీసేశానండీ. చదివేవాళ్లకి విసుగు కదా.”

“తొమ్మిది మెట్లని రాశారు. మీకు చెప్పిన వారం ఇక్కడున్న పిల్లాడి కట్టు తొమ్మిది చుట్లు. ఈ పిల్లకి పదకొండు. పుండు మానేకొద్దీ మెట్లు తగ్గుతాయి.” ఆయా గొంతు పెంచింది. “నా మాటలు పట్టుకుపోయారు, పోనీ. నేను ఆగిన చోట్లెందుకు పారేశారు? ఆ ఆగడమే కదా కథ! మీకు విసుగొస్తే ఆ పిల్ల ఏడవాలా?”

ఆమె అరుపుకి వార్డంతా తలలు తిప్పి చూసింది.

సాయంత్రం పెద్ద నర్సు ఒక కాగితం చదివింది. పుస్తక పఠనానికి ఆటంకం కలిగించి, అతిథితో దురుసుగా ప్రవర్తించినందున రేపటి నుంచి బట్టలుతికే విభాగానికి బదిలీ.

“పైనుంచి వచ్చింది ఆయమ్మా,” అంది పెద్ద నర్సు తలెత్తకుండా.

“పిల్ల ఏడుపు ఆగిందని రాశారా?”

“లేదు.”

“కట్టు ఊడొచ్చిందని?”

“లేదు.”

“మరి ఇదెవరి కథ? జరిగింది లేదు, జరగంది ఉంది. దీని మీద వేలిముద్ర వెయ్యను. పంపుతారా, పంపండి.”

వెళ్తూ వెళ్తూ ఏడో మంచం దగ్గర ఆగింది. పిల్ల నిద్రపోతోంది. కట్టు మార్చే నర్సుతో మెల్లగా అంది: “రేపు పది చుట్లు. మధ్యలో పరిగెత్తకు.”

“నాకు చెప్పడం రాదు ఆయమ్మా.”

“దాని మొహం చూస్తూ చెప్పు. అదే చెప్పిస్తుంది.”

ఆమె మోకాళ్ల చప్పుడు మెట్ల మీదుగా దిగిపోయింది. వార్డు కిటికీ ఊచకి ఆమె రబ్బరు చేతితొడుగులు వేలాడుతున్నాయి, ఆరని వేళ్ల కొసల నుంచి ఆగి ఆగి ఒక్కో చుక్క రాలుస్తూ.